పన్నెండో కార్డు

దొండపర్తి రైల్వే క్వార్టర్స్ వెనక సందులో
రోవీనా మేడమ్ ఇల్లు.
గుమ్మంలో చెప్పులు విప్పగానే
కేకు వాసన, పాత అట్టల చెమ్మ వాసన.

"ఎల్లాజీ, షిప్‌యార్డులో పెయింటర్‌వి కదా,
ఇదొక్కటి వేసిపెట్టు" అంది.
హుద్‌హుద్ రోజు కిటికీ రెక్క ఊడిపోయి
డెబ్బై ఎనిమిది టారో కార్డుల్లో ఒకటి
ఎటో ఎగిరిపోయిందట.
తడిసిన డెబ్బై ఏడింటినీ
వడియాల్లా చీర మీద ఎండబెట్టుకుంది.
పన్నెండోది దొరకలేదు.
వేలాడే మనిషి.

నాకు టారో తెలీదు.
చిలక జోస్యం తెలుసు, అదీ చిలక మీద జాలితో.
ఓడ పొట్ట మీద అంకెలు రాయడం తెలుసు,
ఎంత మునిగిందో నీళ్లకి చెప్పే అంకెలు.

నమూనా కోసమని బీరువా తెరిచింది.
ఇంకా పది పెట్టెలు,
ఒక్కోటీ ఒక్కో జేబురుమాల్లో ముడేసి
క్యారేజీల్లా వరసగా.

మొదటిది చెక్క అచ్చు. లావు గీతలు,
ఎరుపు, నీలం, మాసిన పసుపు, అంతే.
రంగు గీత దాటి బయటికొచ్చేసింది.
అద్దినవాడికి తొందరో, ఆకలో.
ఇంకోదానికి అంచులంతా బంగారం పూత.
అందులో మనిషి తలకిందులుగా ఉన్నా
జుట్టు చెదరలేదు, లాగు ఇస్త్రీ నలగలేదు.
పిల్లుల పెట్టెలో పిల్లి,
కర్టెన్ రాడ్‌కి తోక చుట్టుకుని, మనకేసి విసుగ్గా.
మొక్కల పెట్టెలో మనిషే లేడు,
తాటాకు చివర గిజిగాడి గూడు ఊగుతోంది.
నల్ల సిరా పెట్టెలో ఒక్క పాదం,
మిగతాదంతా తెల్ల కాగితం.
దాన్ని చాలాసేపు చేతిలోంచి వదల్లేకపోయాను.
మెరుపు కాగితంది ఒకటుంది,
ఎటు వంచితే అటు నవ్వుతుంది.
"మేనకోడలు పంపింది, పారెయ్యలేక" అంది మేడమ్.

ఎవడు ఎలా వేసినా
ఒక కాలికి కట్టు, రెండో కాలు మడత,
మొహం మాత్రం నిమ్మళం.

"ఎందుకంత నిమ్మళం?" అడిగాను.
"లొంగిపోయాడు. లోకాన్ని తిరగేసి చూస్తున్నాడు."

మేడమ్, నేను ముప్పై నాలుగేళ్లు వేలాడాను.
నడుముకి తాడు, చేతిలో రెడ్ ఆక్సైడ్ డబ్బా,
కింద యాభై అడుగుల లోతున డ్రై డాక్ కాంక్రీటు.
లొంగితే నిమ్మళం రాదు.
పైన సూరాడ అప్పన్న తాడు పట్టుకునుంటే వస్తుంది.
బీడీ వెలిగించుకోడానిక్కూడా
వాడు చెయ్యి తియ్యడని తెలిస్తే వస్తుంది.
పది పెట్టెల్లో ఒక్కడూ
పైవాణ్ణి వెయ్యలేదు.
కొమ్మకి కట్టేసి ఊరుకున్నారు.
వీళ్లెవరూ వేలాడి ఉండరు.

ఇవన్నీ ఆవిడతో అన్లేదు.
కేకు తిన్నాను, కొలతలు రాసుకున్నాను.

నాలుగు రాత్రులు పట్టింది.
ఓడ ముక్కు, వెనకాల డాల్ఫిన్స్ నోస్ కొండ,
మనిషికి నా చిరుగుల బనీను.
తల చుట్టూ వెలుగు ఉండాలంది మేడమ్,
వెల్డింగ్ రవ్వలు వేశాను.
అన్నిటికన్నా పైన, కార్డు అంచు తెగే చోట,
రెండు చేతులు.

వెనకవైపు నీలం గళ్లు మాత్రం కుదర్లేదు.
బోర్లా పెట్టినా ఇట్టే తెలిసిపోతుంది అదేదో.
మేడమ్ అటూ ఇటూ తిప్పి చూసింది.
ఆ చేతుల దగ్గర కళ్లద్దాలు సర్దుకుంది.
ఏమీ అనకుండా మిగతా డెబ్బై ఏడింటిలో కలిపేసి
రుమాలు ముడేసింది.

సాయంత్రం పెదజాలారిపేట వెళ్లాను.
ఇప్పుడు అప్పన్న చేతులు వణుకుతాయి,
టీ గ్లాసులో సగమే పోసిస్తారు.
ఫోన్లో ఫొటో చూపించాను.
రెండు వేళ్లతో సాగదీసి, సాగదీసి చూశాడు.

"తాడు తెల్లది కాదురా. పచ్చది. నైలాన్ది."

గ్లాసు కింద పెట్టాడు.

"ఈ ఉంగరం ఏటి?
అదప్పుడు తాకట్టులో ఉండీది."